రెండు భాషలు, నాలుగున్నరేళ్లు: డిమెన్షియాపై హైదరాబాద్ పరిశోధన చెప్పిందేమిటి, చెప్పనిదేమిటి

ఏటా సెప్టెంబరు 21న వచ్చే ప్రపంచ అల్జీమర్స్ దినం దగ్గరపడగానే ‘రెండు భాషలు మాట్లాడేవారికి అల్జీమర్స్ రాదు’ అన్న సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. సందేశం కింద తరచుగా హైదరాబాద్ పేరు, ‘నాలుగున్నరేళ్లు’ అన్న అంకె కనిపిస్తాయి. ఆ అంకె నిజమైనదే. పైనున్న వాక్యమే తప్పు. నిజమైన అంకె మీద తప్పు వాక్యం ఎలా వచ్చి కూర్చుందో తెలియాలంటే ఆ పరిశోధన ఏమి కొలిచిందో, ఎవరిలో కొలిచిందో చూడాలి. దానికి నాయకత్వం వహించిన నాడీవైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి ఆ ప్రశ్న దగ్గరికి ఏ దారిన చేరుకున్నారో కూడా కొంత తెలుసుకోవాలి.

డిమెన్షియా వేరు, అల్జీమర్స్ వేరు

వాడుకలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తున్నాం. జ్వరానికీ టైఫాయిడ్‌కూ ఉన్న తేడాయే వీటికీ ఉంది. డిమెన్షియా అనేది ఒక స్థితి. జ్ఞాపకశక్తి, మాట, విచక్షణ, ప్రవర్తన వంటివి క్రమంగా దెబ్బతిని, రోజువారీ పనులకు ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు ఆ స్థితిని డిమెన్షియా అంటారు. దానికి దారితీసే జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా, మెదడు ముందు, పక్క భాగాలు క్షీణించడం వల్ల వచ్చే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా వంటివి మరికొన్ని.

పెళ్లిలో ఎదురైన దూరపు చుట్టం పేరు చప్పున గుర్తు రాకపోవడం మామూలు మతిమరుపు. నలభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న చేయి, ఏది ముందు కలపాలో తెలియక జాడీ ముందు ఆగిపోతే అది వేరే సంగతి. మన ఇళ్లలో ఈ రెండింటినీ ‘పెద్దతనం’ అనో, ‘చాదస్తం’ అనో ఒకే గాటన కట్టేస్తాం కనుక చాలామంది వైద్యుని దగ్గరికి వచ్చేసరికి జబ్బు బాగా ముదిరిపోయి ఉంటుంది.

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఔగుస్తె డేటర్ అనే రోగిని చూశారు. ఆమె చనిపోయాక మెదడును పరీక్షించి, 1906లో ఆ వివరాలను వెల్లడించారు. నాడీకణాల బయట పేరుకున్న గడ్డల్లాంటి మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు ఆయనకు కనిపించాయి. మచ్చల్లో ఉన్నది అమిలాయిడ్ అనే ప్రోటీన్ అనీ, పోగుల్లో ఉన్నది టౌ అనే ప్రోటీన్ అనీ చాలా దశాబ్దాల తర్వాత తేలింది. ఈ కథనానికి అవసరమైన మెలిక ఇక్కడే ఉంది: మెదడులో జరిగిన నష్టమూ, బయటికి కనిపించే లక్షణాలూ ఎప్పుడూ ఒకే కొలతలో ఉండవు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం అమెరికాలో ప్రచురించిన శవపరీక్షల అధ్యయనంలో, మెదడు నిండా అల్జీమర్స్ గుర్తులు ఉన్నా బతికి ఉండగా తెలివితేటల్లో పెద్దగా తేడా రాని వృద్ధులు కొందరు కనిపించారు.

కేంబ్రిడ్జి నుంచి పంజాగుట్ట దాకా

డాక్టర్ సువర్ణ అల్లాడి పేరు డిమెన్షియా పరిశోధకులకు బాగా తెలిసింది మొదట భాషల వల్ల కాదు. కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ బృందంతో కలిసి ఆమె 2007లో ‘బ్రెయిన్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ ఎప్పుడూ జ్ఞాపకశక్తి లోపంగానే మొదలవుతుందన్న నమ్మకాన్ని అది ప్రశ్నించింది. మాట తడబడటంతోనో, చూసిన వస్తువును పోల్చుకోలేకపోవడంతోనో మొదలై, వేరే జబ్బులా కనిపించిన రోగుల్లో చెప్పుకోదగ్గ సంఖ్యలో మెదడులో ఉన్నది అల్జీమర్సే అని శవపరీక్షల్లో తేలింది. ఆ వ్యాసం సహరచయితల్లో థామస్ బాక్ ఒకరు. తర్వాత ఆయన ఎడిన్‌బరోకు మారారు, హైదరాబాద్ అధ్యయనంలోనూ ఆయనే భాగస్వామి అయ్యారు.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో ఆమె నడిపిన మెమరీ క్లినిక్‌లో ఎదురైన మొదటి చిక్కు చాలా చిన్నదిగా కనిపిస్తుంది: వచ్చినవారికి ఏ పరీక్ష పెట్టాలి? డిమెన్షియాను రక్తపరీక్షతో తేల్చే రోజులు కావవి. ప్రశ్నలడగాలి, బొమ్మలు చూపించాలి, మాటలు గుర్తుపెట్టుకోమనాలి. అందుబాటులో ఉన్న పరీక్షల్లో చాలావరకు బడికి వెళ్లిన ఇంగ్లీషువారి కోసం తయారైనవి. కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్షలో పెంగ్విన్, హార్ప్, లంగరు బొమ్మలు చూపి పేర్లు చెప్పమంటారు. హార్ప్‌ను జన్మలో చూడని పెద్దావిడ దాని పేరు చెప్పలేకపోతే అది ఏ జబ్బుకు లక్షణం? ‘పి’ అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరన్నది అందులోనే మరో ప్రశ్న. తెలుగులో ‘ప’తో అంటే ‘పిల్లి’, ‘పూవు’ లెక్కకొస్తాయా రావా అన్నది చదువుకున్నవారికే సందేహం. చదువురాని మనిషి మాటను అక్షరాలుగా విడదీసి ఆలోచించరు కూడా. పెన్సిలు పట్టని చేతిని పంచభుజి గీయమనడం కూడా ఇలాంటిదే.

తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో మథురనాథ్ బృందం ఈ పరీక్షను మలయాళంలోకి మలిచింది. నిమ్స్ బృందం తెలుగులోకి మలిచింది. ఈ పని తర్వాతి కాలంలో జాతీయ స్థాయికి వెళ్లి, భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఒకే ప్రమాణానికి కట్టుబడిన పరీక్షల సంపుటిగా రూపొందింది. దీని గురించి పత్రికల్లో పెద్దగా రాయరు. నా దృష్టిలో ఆమె వృత్తిజీవితంలో ఎక్కువ కాలం నిలిచే పని ఇదే. కొలబద్ద సరిగా లేనిచోట రోగుల లెక్కా తప్పుతుంది, మందుల ప్రయోగాలూ తప్పుతాయి. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అంచనా చెబుతోంది. ఇలాంటి అంచనా వేయాలంటే చదువురానివారికీ పనికొచ్చే పరీక్షలు ఉండక తప్పదు.

2013 అధ్యయనంలో ఏముంది

రెండు భాషలకూ డిమెన్షియాకూ సంబంధం ఉందన్న వాదన హైదరాబాద్‌లో పుట్టలేదు. టొరంటోలో ఎలెన్ బయలిస్టాక్ బృందం 2007లో 184 మంది రోగుల రికార్డులు పరిశీలించి, రెండు భాషలవారిలో లక్షణాలు సగటున 4.1 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తెలిపింది. అయితే అక్కడి రెండు భాషలవారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు. దేశం దాటి వచ్చి నిలదొక్కుకున్న మనుషులు ఆరోగ్యంలో, పట్టుదలలో మామూలువారికన్నా ఒక మెట్టు పైన ఉండవచ్చు. ఆ తేడా భాషదా, వలసదా అన్నది తేలలేదు.

హైదరాబాద్‌లో ఆ సందేహానికి తావు తక్కువ. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడే మనిషి ఇక్కడ వలసదారు కానక్కర్లేదు, చదువుకున్నవారూ కానక్కర్లేదు. నిమ్స్ నుంచి సుభాష్ కౌల్, ఉస్మానియా భాషాశాస్త్ర విభాగం నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి సూరంపూడి బాపిరాజు తదితరులతో కూడిన బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను విశ్లేషించి 2013 నవంబరులో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు, 257 మంది ఒకే భాషవారు. ఆ భాష మాట్లాడేవారితో ఆ భాషలో వ్యవహరించగలగడం, ఇదీ వారు పెట్టుకున్న కొలత. చదవడం, రాయడం వచ్చి ఉండాలన్న షరతు లేదు.

ఒకే భాషవారిలో లక్షణాలు మొదలైన సగటు వయసు 61.1 ఏళ్లు, మిగతావారిలో 65.6 ఏళ్లు. తేడా నాలుగున్నరేళ్లు. చదువు, వృత్తి, పల్లె–పట్నం తేడా వంటివాటిని గణాంక పద్ధతిలో సర్దుబాటు చేశాక కూడా ఆ తేడా నిలిచింది. అల్జీమర్స్‌లో అది సుమారు మూడేళ్లు, ఫ్రాంటోటెంపోరల్ రకంలో సుమారు ఆరేళ్లు. అందరి దృష్టినీ ఆకర్షించింది మాత్రం బడి ముఖం చూడనివారి లెక్క. వారిలోనూ రెండు భాషలవారికి ఆరేళ్ల ఆలస్యం కనిపించింది. అంతవరకు ‘ఇది భాష మహిమ కాదు, చదువు మహిమ’ అన్నవారికి ఇది గట్టి జవాబే. మూడో భాషో, నాలుగో భాషో వచ్చినంత మాత్రాన అదనపు లాభమేదీ ఈ అధ్యయనంలో కనిపించలేదు. సందేశాలు పంపేవారు ఈ సంగతి రాయరు.

ఆలస్యం అంటే నివారణ కాదు: చెరువు తూముల ఉదాహరణ

ఈ 648 మందిలో ప్రతి ఒక్కరికీ డిమెన్షియా ఉంది. రెండు భాషలు వచ్చిన 391 మందికీ ఉంది. జబ్బు రానివారు ఈ అధ్యయనంలో అసలు లేరు. అందువల్ల ‘రెండు భాషలవారికి రాదు’ అన్న మాట ఈ అంకెల నుంచి ఏ విధంగానూ రాదు. అంకెలు చెబుతున్నది, వచ్చినవారిలో కొందరికి ఆలస్యంగా బయటపడిందని మాత్రమే.

అలా ఎందుకు జరగవచ్చన్నదానికి పరిశోధకులు చెప్పే వివరణ ‘కాగ్నిటివ్ రిజర్వ్’, అంటే మెదడు కూడబెట్టుకున్న మిగులు సామర్థ్యం. ఒక చెరువుకు రెండు తూములున్నాయనుకుందాం, ఒకటి ఎత్తున, మరొకటి లోతున. వానలు వెళ్లాక నీరు ఒకే వేగంతో తగ్గుతుంది. ఎత్తు తూము కింది పొలాలకు మాఘంలోనే నీరు ఆగిపోతుంది, లోతు తూము కింది రైతులకు చైత్రం దాకా పారుతూనే ఉంటుంది. వారి పొలాన్ని చూసి చెరువు నిండుగా ఉందనుకుంటే పొరపాటు. చెరువు అందరికీ ఒకే తీరున ఎండుతోంది, లోతు తూము వారికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తోంది, అంతే. తెలిసేనాటికి చెరువులో మిగిలిన నీరు చాలా తక్కువ.

టొరంటోలో 2012లో వెలువడిన స్కానింగ్ అధ్యయనం దీనికి సరిపోయే ఆధారం. పరీక్షల్లో ఒకే స్థాయిలో ఉన్న అల్జీమర్స్ రోగులను పోల్చి చూస్తే, రెండు భాషలవారి మెదడు ఎక్కువగా కుంచించుకుపోయి ఉంది. అంటే నష్టం ఎక్కువైనా వారు అదే స్థాయిలో నెట్టుకొస్తున్నారు. రెండు భాషలు వాడే మెదడు ఒకటి మాట్లాడుతున్నప్పుడు రెండోదాన్ని అణచిపెట్టాలి, ఎదుటి మనిషిని బట్టి క్షణంలో మారాలి. జీవితాంతం సాగే ఈ సాము మనసును అదుపులో పెట్టే మెదడు భాగాలకు బలమిస్తుందన్నది వాదన.

ఆ వాదనను పరీక్షించడానికి నిమ్స్ బృందం మరో దారి ఎంచుకుంది. డిమెన్షియా ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, ఎప్పుడు మొదలైందో కుటుంబసభ్యుల జ్ఞాపకం మీదే ఆధారపడాలి. పక్షవాతం అలా కాదు, తేదీ, గంట తెలుస్తాయి. 608 మంది పక్షవాత రోగులపై 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువర్గాలకూ తేడా లేదు. లాభం భాష వచ్చినందుకైతే ముందుగా మాటకే రక్షణ దొరకాలి. అది దొరక్కుండా ఆలోచనకు దొరికిందంటే, పనిచేస్తున్నది భాషలను అదుపుచేసే నేర్పు కావచ్చు. ఫ్రాంటోటెంపోరల్ రోగులపై 2017లో ఇదే బృందం చేసిన అధ్యయనంలోనూ ప్రవర్తన మారే రకంలోనే ఆలస్యం కనిపించింది, మాట దెబ్బతినే రకాల్లో కనిపించలేదు.

విమర్శకుల లెక్క: తేడా లేనిచోట తేడా కనిపించడం

అభ్యంతరం చెప్పేవారి వాదన కూడా తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. వారి ముఖ్యమైన ప్రశ్న భాష గురించి కాదు, సగటు వయసు అనే కొలత గురించి. దీన్ని ఒక ఊహాలెక్కతో చూద్దాం.

రెండు వర్గాలున్నాయి, ఒక్కోదానిలో వెయ్యి మంది. జబ్బు ముప్పు ఇద్దరికీ సరిగ్గా ఒకటే: అరవైల్లో ఉన్నవారిలో 2 శాతానికి, డెబ్బైల్లో ఉన్నవారిలో 6 శాతానికి వస్తుంది. మొదటి వర్గంలో 800 మంది అరవైల్లో, 200 మంది డెబ్బైల్లో ఉన్నారు. రెండో వర్గంలో సగం సగం. మొదటి వర్గం నుంచి క్లినిక్‌కు 16 మంది 65 ఏళ్ల ప్రాంతంలో, 12 మంది 75 ఏళ్ల ప్రాంతంలో వస్తారు, సగటు 69.3 ఏళ్లు. రెండో వర్గం నుంచి 10 మంది, 30 మంది వస్తారు; సగటు 72.5 ఏళ్లు. ముప్పులో రవ్వంత తేడా లేకపోయినా క్లినిక్‌లో కూర్చున్న వైద్యునికి మూడేళ్లకు పైగా ‘ఆలస్యం’ కనిపిస్తుంది. పైగా ఆలస్యమైనట్టు కనిపించిన వర్గం నుంచే ఎక్కువమంది రోగులు వచ్చారు.

రెండు భాషలవారు పట్నాల్లో, కాస్త మెరుగైన ఆదాయంతో, ఎక్కువ కాలం బతికేవారైతే వారి సగటు వయసు ఈ విధంగానే పైకి జరగవచ్చు. చదువుకూ వృత్తికీ సర్దుబాటు చేయడం వల్ల ఈ చిక్కు పూర్తిగా తీరదు. అందుకే కొందరు క్లినిక్‌లను వదిలి, ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనాలనే నమ్ముతామంటారు. న్యూయార్క్‌లో స్పానిష్ మాతృభాషగా గల 1,067 మంది వలసదారులను 23 ఏళ్ల వరకు అనుసరించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు కూడా వచ్చినవారికి డిమెన్షియా తక్కువగా వచ్చిన దాఖలా లేదు. మాంట్రియల్‌లో 632 మందిపై 2010లో వచ్చిన అధ్యయనం క్లినిక్‌కు వచ్చిన అల్జీమర్స్ రోగుల మీదే అయినా, అందులోనూ రెండు భాషలవారికి మొత్తం మీద లాభం కనబడలేదు, వలసదారుల్లోనూ, కొంతమేరకు ఫ్రెంచ్ మాతృభాషగా గలవారిలోనూ మాత్రమే కనబడింది. లండన్‌లోని గిల్ లివింగ్‌స్టన్ బృందం 2017లో దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూసి రక్షణ లేదని తేల్చింది. 2020 నాటి మరో సమీక్ష మధ్యస్థంగా నిలిచింది: లక్షణాలు ఆలస్యమవుతున్నాయి, జబ్బు వచ్చేవారి సంఖ్య మాత్రం తగ్గడం లేదు. చెరువు ఉదాహరణ ప్రకారం చూస్తే ఈ రెండు మాటల మధ్య పెద్ద వైరుధ్యం లేదు.

మరో అభ్యంతరం కార్యకారణాలు తలకిందులయ్యాయన్నది. చురుకైన మెదడు గలవారే రెండో భాష నేర్చుకుంటారేమో. ఎడిన్‌బరోలో థామస్ బాక్ దీనికి అరుదైన సమాచారం వాడుకున్నారు. 1936లో పుట్టి, 1947లో 11 ఏళ్ల వయసులో తెలివితేటల పరీక్ష రాసిన స్కాట్లాండ్ పిల్లల్లో 853 మందిని డెబ్బై దాటాక మళ్లీ పరీక్షించారు. చిన్ననాటి మార్కులను లెక్కలోకి తీసుకున్నాక కూడా రెండో భాష వచ్చినవారి ఫలితాలు ఊహించినదానికన్నా మెరుగ్గా ఉన్నాయి. ఇది మామూలు వృద్ధాప్యం గురించిన లెక్క, డిమెన్షియా గురించినది కాదు. హైదరాబాద్ విషయంలో ఈ అభ్యంతరానికి బలం మరింత తక్కువ. అక్కడి మనిషికి రెండో భాష తెలివి వల్ల కాక ఇరుగుపొరుగు వల్ల వస్తుంది. అయితే ఒకే భాషతో మిగిలినవారు ఎవరన్నది ఆలోచించాలి. పల్లెల్లో ఉండిపోయినవారు, ఇల్లు దాటి పనికి వెళ్లే అవకాశం లేని మహిళలు వారిలో ఎక్కువగా ఉంటే, భాషతో పాటు మరెన్నో లోటులు వారి వెంట వస్తాయి. అన్నిటినీ సర్దుబాటు చేశామని ఏ పరిశోధకులూ గుండెమీద చేయి వేసుకుని చెప్పలేరు.

నాలుగున్నరేళ్లకు ఇంత విలువ ఎందుకు

అరవై అయిదు దాటాక డిమెన్షియా ముప్పు దాదాపు ప్రతి అయిదేళ్లకూ రెట్టింపవుతుంది. కాబట్టి లక్షణాలను అయిదేళ్లు వెనక్కి నెట్టగలిగితే, ఏ వయసులో చూసినా రోగుల సంఖ్య ఇంచుమించు సగమవుతుంది. చాలామంది ఆ స్థితికి చేరేలోపు వేరే కారణంతో కన్నుమూస్తారు. అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే మందు, ప్రారంభ దశ రోగుల్లో 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. 18 పాయింట్ల కొలమానంలో ఆ తేడా అర పాయింటుకన్నా తక్కువ. మందుకూ భాషకూ నేరుగా పోలిక పెట్టడం సరికాదు. ఒకటి ప్రయోగంలో తేలినది, మరొకటి పరిశీలనలో కనిపించినది. ఒక వైద్య వ్యాసంలోని అంకె ఇంత దూరం ప్రయాణించడానికి మాత్రం ఈ నేపథ్యమే కారణం.

ఆ అంకె దాటి వెళ్లని చోట్లు కూడా ఉన్నాయి. అధ్యయనంలోనివారు దశాబ్దాల పాటు రెండు భాషల్లో బతికినవారు. పదవీ విరమణ తర్వాత ఫోన్‌లో మూడు నెలలు స్పానిష్ నేర్చుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న అందులో లేదు. పరీక్షల కోసం ఇంగ్లీషు చదివి, రోజంతా తెలుగులోనే గడిపే మనిషికి ఇది ఎంతవరకు వర్తిస్తుందో కూడా అది చెప్పదు.

క్లినిక్ దాటి ఊళ్లలోకి

డాక్టర్ సువర్ణ అల్లాడి తర్వాత బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్‌హాన్స్‌కు మారారు. విమర్శకులు అడిగిన దిశలోనే అక్కడి పని సాగింది. బెంగళూరులో క్లినిక్‌కు రాని, సమాజంలో మామూలుగా జీవిస్తున్న 60 ఏళ్లు దాటిన 1,234 మందిని పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాషవారిలో 4.9 శాతం మందికి, రెండు భాషలవారిలో 0.4 శాతం మందికి డిమెన్షియా కనిపించింది. ఆలస్యమే కాదు, సంఖ్య కూడా తక్కువని ఇది సూచిస్తోంది. అయినా ఇది ఒకసారి తీసిన ఫొటో వంటిది, ఏళ్ల తరబడి నడిచిన చిత్రం కాదు. తేడా ఇంత పెద్దదిగా ఉండటమే దాని వెనుక చదువు, ఆదాయం వంటి ఇతర కారణాలు కూడా కలిసి ఉన్నాయేమోనన్న అనుమానానికి చోటిస్తుంది.

ఏళ్ల తరబడి అనుసరించే పని వేరొక బృందం చేతుల్లో ఉంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని అనుసరించాలన్న లక్ష్యంతో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం ఒక అధ్యయనం నడుపుతోంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఆ ఊళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో కన్నడం మాట్లాడతారు. అక్కడ పరీక్షకు కూర్చున్నవారిలో అత్యధికులకు ఇప్పుడు ఏ జబ్బూ లేదు. ఎవరికి వస్తుందో, ఏ వయసులో వస్తుందో, అప్పటికి వారి నోట ఎన్ని భాషలు ఆడుతుంటాయో లెక్క తేలడానికి ఇంకా పది పదిహేనేళ్లు పడుతుంది.